వాసన సంగతి

పేరిందేవమ్మ గారు తుంగభద్ర ఒడ్డున ఉంటూ మానని పుళ్లకు వైద్యం చేసేవారు. ఆ విద్య నేర్చుకోవడానికి వచ్చిన శిష్యులు నలుగురైదుగురు ఎప్పుడూ ఆమె దగ్గర ఉండేవారు. వాళ్లలో ఎవరు ఏ ప్రశ్న అడిగినా ఆమె వెంటనే జవాబు చెప్పేవారు కారు. అడిగినవాడి చేతికి ఏదో ఒక పని అప్పగించి ఊరుకునేవారు. ఆ పని పూర్తయ్యేసరికి చాలామందికి తాము అడిగిందేమిటో గుర్తుండేది కాదు. శఠగోపం ఒక్కడు మాత్రం తన ప్రశ్నను మరిచిపోలేదు.

శఠగోపం వచ్చి ఆరు నెలలైంది. ఆకులూ వేళ్లూ గుర్తుపట్టడంలో గాని, తైలాలు కాయడంలో గాని అతనికి వంక పెట్టడానికి లేదు. ఒకరోజు హుసేనప్ప అనే ముసలి బండివాడి కాలికి కట్టు విప్పుతూ, పుండు వాసన భరించలేక సగంలో లేచి బయటికి వెళ్లిపోయాడు. ముఖం కడుక్కుని తిరిగి వచ్చేసరికి హుసేనప్ప తన కాలికి తానే గుడ్డ చుట్టుకుంటున్నాడు. "నీ తప్పేముంది సామీ. మా ఇంట్లోవాళ్లే నా మంచం బయట వేసినారు" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే శఠగోపానికి కొంత తేలికగా ఉండేదేమో.

సాయంత్రం గురువు దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అమ్మా, ఎంత ప్రయత్నించినా నాకు అసహ్యం పోవడం లేదు. రోగి బాధ చూస్తే జాలి కలుగుతుంది. వాసన తగలగానే ఆ జాలి ఎటు పోతుందో తెలియడం లేదు. అసహ్యం పోగొట్టుకునే దారి ఉంటే చెప్పండి. లేకపోతే మా ఊరికి వెళ్లిపోతాను."

పేరిందేవమ్మ గారు వాకిట్లో ఉన్న గంప చూపించారు. అందులో రెండు నెలల కుక్కపిల్ల ఉంది. తేనె రంగుది, బక్కపలచనిది. ఆ మధ్యాహ్నమే ఒక గొర్రెల కాపరి తెచ్చి వదిలి వెళ్లాడు. పది అడుగుల దూరంలోనే గుప్పున కుళ్లు వాసన కొట్టింది. "ముందు దీని వాసన సంగతి చూడు నాయనా" అని ఆమె లోపలికి వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున్నే పొరుగూళ్ల రోగులను చూడడానికి బయలుదేరారు, మిగతా శిష్యులనూ వెంటబెట్టుకుని.

శఠగోపం శ్రద్ధగానే పని మొదలుపెట్టాడు. ఉత్తరీయం ముక్కుకు చుట్టుకుని, కుంకుడు రసంతో కుక్కపిల్లకు స్నానం చేయించాడు. గంపలో పాత గోనె తీసేసి కొత్తది పరిచాడు. రెండు గంటలపాటు బాగానే ఉంది. తరవాత వాసన మళ్లీ వచ్చింది. రెండోరోజు వేపాకు కాచిన నీళ్లు పోశాడు, సాంబ్రాణి పొగ వేశాడు. సాంబ్రాణి వాసనా కుళ్లు వాసనా కలిసి మరింత ఘోరంగా తయారైంది. మూడోరోజుకు విసుగొచ్చి గంపను కట్టెల కొట్టంలో పెట్టాడు. పాలగిన్నె చేయి చాచి అందినంత దూరంలో ఉంచి, వెనుదిరిగి చూడకుండా వచ్చేశాడు.

నాలుగోరోజు పొద్దున వెళ్లి చూస్తే పాలు విరిగిపోయి ఉన్నాయి. కుక్కపిల్ల తల ఒక పక్కకు వాల్చి, నేలకు అదుముకుని పడుకుంది. పిలిస్తే కళ్లు తెరిచింది గాని లేవలేదు. ఒళ్లు కాలిపోతోంది. చావబోతోందనుకున్నాడు శఠగోపం. అడుగుదామంటే ఇంట్లో ఎవరూ లేరు. రెండు చేతులా ఎత్తుకునేసరికి ఉత్తరీయం జారి కింద పడింది. తీసుకోవాలంటే పిల్లను మళ్లీ దించాలి. దించలేదు.

వెలుగులోకి తెచ్చి ఒళ్లో పడుకోబెట్టుకున్నాడు. ఆ వాసన ఎక్కడినుంచి వస్తోందో చూడాలన్న సంగతి అతనికి అప్పుడు తట్టింది. వంగి మూతి దగ్గర వాసన చూశాడు. పాలవాసన తప్ప ఏమీ లేదు. పొట్ట దగ్గర లేదు, కాళ్ల దగ్గర లేదు. మెడ దగ్గరికి వచ్చేసరికి ఎక్కువైంది. ఎడమ చెవి దగ్గర కళ్లలో నీళ్లు తిరిగేంత ఘాటుగా ఉంది. వేలాడే చెవిని మడిచి చూస్తే, లోపలి మడతలో ఒక పల్లేరుకాయ దిగబడి ఉంది. చుట్టూ వాచి, చీము పట్టి, కాయ సగానికి పైగా కండలో మునిగిపోయింది.

గోరువెచ్చని ఉప్పునీళ్లతో కొంచెం కొంచెంగా నానబెట్టాడు. ముళ్లు తీసే శ్రావణంతో పట్టుకుని లాగాడు. మొదటిసారి జారింది. రెండోసారి కాయ ఊడి వచ్చింది, దాని వెనకే చీము. కుక్కపిల్ల కీచుమని అరిచి తల విదిల్చింది. ఆ విదిలింపుకు చీము అతని మెడ మీదా చొక్కా మీదా పడింది. అతను దాన్ని వదలకుండా పుండు కడిగి, నువ్వుల నూనెలో పసుపు కలిపి రాశాడు. కాసేపటికి అది అతని వేళ్లు నాకింది. చేతిలో పాలు పోస్తే తాగింది. మళ్లీ పోశాడు. కడుపు నిండాక అలాగే ఒళ్లో నిద్రపోయింది. లేస్తుందేమోనని అతను కదలకుండా కూర్చున్నాడు. చాలా రోజుల తరవాత గుండెలో ఏదో బరువు దిగినట్టనిపించింది.

ఎండ వాలేవేళకు పేరిందేవమ్మ గారు తిరిగి వచ్చారు. శిష్యుడి పక్కన కూర్చుని, కుక్కపిల్ల చెవి మెల్లగా ఎత్తి చూశారు. "నేనైనా ఆ రోజే చూడవలసింది" అన్నారు. తరవాత అడిగారు.

"వాసన పోయిందా?"

"తగ్గిందమ్మా. ఇప్పుడు నా చొక్కాకు అంటింది."

"మరి నీ అసహ్యం?"

శఠగోపం నిజం చెప్పాలనుకుని కాస్త ఆలోచించాడు. "ఉందమ్మా. మధ్యలో కాసేపు దాని గురించి తలుచుకోవడానికి తీరిక లేకపోయింది." మళ్లీ తనే, "రేపటినుంచి కట్లు నేను విప్పుతాను" అన్నాడు.

ఆమె మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచారు.

"పాపం, నీ ముక్కు పుండుకు దారి చూపిస్తోంది నాయనా. పారిపొమ్మంటోందని నువ్వనుకున్నావు."