రాణి కొంగున వంకర చేప

ఏడు సముద్రాలకు ఇవతలి ఒడ్డున ఒక రాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి కత్తుల పిచ్చి. నడిమివాడికి గుర్రాల పిచ్చి. చిన్నవాడు సుకేతుడికి బొమ్మచేపల పిచ్చి. కర్రముక్కని చేపలా చెక్కేవాడు, రంగు పూసేవాడు, పొట్ట కింద గాలం కట్టి నీళ్లలో లాగేవాడు. నిజం చేపే అనుకుని పెద్దచేప వచ్చి మింగేది.

"వానపాము చాలదట్రా వీడికి? రేపు పెళ్లికి కూడా కర్రపిల్లని చెక్కుకుంటాడు," అని అన్నలు నవ్వేవాళ్లు.

ఒకనాడు ధూమ్రకేశుడనే మాంత్రికుడు పొరుగు రాకుమారి హేమలేఖని ఏడు సముద్రాల అవతలి తన కోటకి ఎత్తుకుపోయాడు. విడిపించడానికి పెద్దవాడు వెళ్లాడు, రాయైపోయాడు. నడిమివాడు వెళ్లాడు, రాయైపోయాడు. రాణి అన్నం మానేసింది.

చిన్నవాడు బయల్దేరాడు. రాణి వద్దనలేదు. కొంగుముడి విప్పి ఒక బొమ్మచేప తీసి వాడి చేతిలో పెట్టింది. ఐదేళ్లప్పుడు వాడు చెక్కిన మొదటి చేప. ఒకపక్క బరువు, వంకర.

"ఇదెందుకమ్మా? మంచివి రెండున్నాయి."

"ఉండనీ నాయనా."

ఆరు సముద్రాలు దాటాడు. ఏడో సముద్రంలో ఒక లకుముకిపిట్ట అలిసిపోయి పడవ మీద వాలింది. వాడు కాసిని మంచినీళ్లు పోశాడు.

"మాంత్రికుడి ప్రాణం ఇక్కడి నల్లచేపలో ఉంది," అంది పిట్ట. "మాంసం ఎర వేస్తే వాడికి తెలిసిపోతుంది. నువ్వూ రాయివే."

సుకేతుడు బంగారురంగు చేప వేశాడు. నల్లచేప చూసింది, పోయింది. వెండిరంగు చేప వేశాడు. అది బాణంలా ఈదింది. నల్లచేప చూసింది, పోయింది.

"నీ చేపలు మరీ ఆరోగ్యంగా ఉన్నాయయ్యా," అంది పిట్ట. "అంత జోరుగా పోయేదాని వెంట ఎవరు పడతారు? నేనైతే కుంటిదాన్నే చూసుకుంటాను."

అప్పుడు అమ్మ ఇచ్చిన చేపకి గాలం కట్టి వేశాడు. అది ఒరుగుతూ, తూలుతూ, దెబ్బతిన్నదానిలా ఈదింది. నల్లచేప గుటుక్కున మింగింది.

అక్కడ కోటలో మాంత్రికుడు గొంతు పట్టుకున్నాడు. నీళ్ల మీద పరుగెత్తుకొచ్చి, "వదులు నాయనా, అడిగిందిస్తాను," అన్నాడు.

"ముందు మా అన్నలు. తర్వాత రాకుమారి."

ముగ్గురూ పడవలోకి వచ్చారు. మాంత్రికుడు వెనకచేత్తో మంత్రదండం ఎత్తాడు. సుకేతుడు నల్లచేపని పడవలోకి లాగేశాడు. నీళ్లు లేక అది చచ్చింది. దాంతో మాంత్రికుడూ చచ్చాడు.

పడవ ఒడ్డుకొస్తుంటే రాణి కొడుకుల తలలు లెక్కపెట్టింది. మూడు. మళ్లీ లెక్కపెట్టింది. మూడే.

"ఆ నాలుగో మనిషెవరు?"

"ఒప్పుకుంటే నీ చిన్నకోడలు," అన్నాడు పెద్దవాడు. "కర్రది కాదమ్మా, చూసుకో."

హేమలేఖ నవ్వి తల వంచింది. పెళ్లయింది. అన్నదమ్ములు ముగ్గురూ కలిసి చాలాకాలం రాజ్యం ఏలారు. అవన్నీ తర్వాతి సంగతులు.

ఆ పూట మాత్రం రాణి వంకర చేపని మళ్లీ కొంగున ముడేసుకుంది. కొడుకుల పక్కన కూచుంది. కడుపునిండా అన్నం తింది.