నాలుగో ఆకు

చెన్నవీరుడికి ఆ ఉదయం ఒకటే బాధ. తను రాసిన ఉత్తరంలో ఒక్క తప్పు లేదు. అయినా రేవులపాడులో పదకొండుమంది చచ్చిపోయారు. ఊరూరా జనం అతని పేరే చెప్పుకుంటున్నారు.

కొండ మీది మఠంలో ఉత్తరాలు రాసే పని అతనిది. తాటాకు మీద అతను గంటం పెడితే అక్షరాలు ముత్యాలు పేర్చినట్టు వచ్చేవి. మొదటి ఆకులో దేవుడి స్తుతి, రెండో ఆకులో గురుపరంపర, మూడో ఆకులో ఊరి పెద్దల క్షేమ సమాచారాలు. అసలు సంగతి నాలుగో ఆకులో. వచ్చీరాగానే పని మాట ఎత్తడం మోటుమనుషుల పద్ధతి అని అతని నమ్మకం. చదువుకున్నవాడికి ఉండే జబ్బుల్లో ఇదొకటి.

ఆరు రోజుల కింద, వాగుకు ఎగువనున్న సత్రంలో దిగిన బాటసారులకు గత్తర తగిలింది. వాంతులు, విరేచనాలు. పొద్దున లేచి తిరిగిన మనిషి సాయంత్రానికి లేడు. వాళ్ళ బట్టలన్నీ తెలియక వాగులోనే జాడించారు. మఠం గురువు సోమలింగయ్య వైద్యం తెలిసినవాడు. మందుల సంచీ భుజాన వేసుకుని సత్రానికి పరుగెత్తుతూ, "వాగు నీళ్ళు తాగొద్దని రేవులపాడుకు వెంటనే రాసి పంపు" అని శిష్యుడికి చెప్పి వెళ్ళాడు.

చెన్నవీరుడు వెంటనే మొదలుపెట్టాడు. నాలుగు ఆకులూ పూర్తయ్యేసరికి మధ్యాహ్నమైంది. ఉత్తరాలు మోసే గంగులు అంతసేపూ అరుగు మీద కూచున్నాడు. ఆకుల కట్ట తలపాగాలో దోపుకుంటూ, "ఇందులో ఏముందయ్యా?" అని అడిగాడు.

"పెద్దలకు రాసిన మాట. నీకెందుకు?" అన్నాడు చెన్నవీరుడు.

నిజానికి రేవులపాడు వాళ్ళు వాగు నీళ్ళు తాగరు. ఊళ్ళో మంచి బావులున్నాయి. కాని మఠం ఉత్తరం వచ్చిందంటే వాళ్ళకో ఆచారం. పారే నీళ్ళు బిందెడు తెచ్చి ఉత్తరం ముందు పెడతారు. మొదటి ఆకులోని స్తుతి చదవడం అయిపోగానే ఆ నీళ్ళు తీర్థమవుతాయి. చావడిలో ఉన్నవాళ్ళంతా దోసిలి పట్టి తాగుతారు. ఆ తర్వాతే రెండో ఆకు.

ఆ రోజూ అలాగే తాగారు. దూరం నుంచి వచ్చినవాడని గంగులుకు రెండు దోసిళ్ళు పోశారు. ఇంటికి పట్టుకెళ్ళమని అతని సొరబుర్ర కూడా నింపారు. పొద్దు వాలకముందే ఇల్లు చేరాలని అతను మిగతా ఆకులు వినకుండానే బయలుదేరాడు. నాలుగో ఆకు చదివేసరికి చావడిలో తాగనివాడు లేడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

గంగులు మూడో రోజున పోయాడు.

ఇప్పుడు భయం గోనెపల్లి గురించి. అది ఇంకా దిగువన ఉంది. అక్కడ ఒక్క బావి లేదు, ఊరంతా వాగు ఇసకలో చెలమలు తోడుకునే తాగుతారు. ఇన్నాళ్ళూ వాగు అంత దూరం పారక మధ్యలోనే ఇంకిపోయేది. నిన్న ఎగువన వాన పడింది. రేపు పొద్దెక్కేసరికి ఆ నీళ్ళు గోనెపల్లి చేరతాయి.

సోమలింగయ్య తెల్లవారుతూనే సత్రం నుంచి తిరిగి వచ్చాడు. కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. గోనెపల్లికి ఉత్తరం రాయమని చెప్పి, స్నానం చేసి వచ్చి అడిగాడు.

"రాశావా?"

"అవుతోందయ్యా. మూడాకులు అయ్యాయి."

గురువు ఆ మూడాకుల వంక చూశాడు. ఆ చూపుకు చెన్నవీరుడికి ఉక్రోషం ఆగలేదు.

"రేవులపాడు ఉత్తరంలో కూడా అంతా ఉందయ్యా. మీరు చెప్పిన మాట ఒక్కటి పొల్లుపోలేదు. చివరిదాకా వినకుండా తాగితే అది రాసినవాడి తప్పా?"

అప్పుడే గుమ్మం దగ్గర అలికిడైంది. గంగులు భార్య ఎర్రమ్మ. గత్తర భయానికి కొండ కింద మగాళ్ళెవరూ ఇల్లు కదలడం లేదు. గోనెపల్లికి ఉత్తరం మోసేవాళ్ళు కావాలని తెలిసి ఆమే వచ్చింది. ఆమె చేతిలో సొరబుర్ర ఉంది.

"ఆయన తెచ్చిన తీర్థం అయ్యా" అంది. "పిల్లకు పోయబోతుంటే రేవులపాడు నుంచి కబురొచ్చింది, ఈ నీళ్ళతోనే పోతున్నారని. తీర్థం గదా, పారబోయడానికి చెయ్యి రాలేదు. మీరే ఏదో ఒకటి చెయ్యండి."

సోమలింగయ్య లేచి రెండు చేతులా ఆ బుర్ర అందుకున్నాడు. కంచుగిన్నెలో కాసిని నీళ్ళు వంచాడు. చాప మీద కూచుని గిన్నె చేతిలో పట్టుకున్నాడు.

"గోనెపల్లి పెద్దను నేనే అనుకో. చదువు, చెన్నా."

చెన్నవీరుడు మొదటి ఆకు తీశాడు. "శ్రీ గిరిజావల్లభుడు, చంద్రశేఖరుడు, సకల భువనాలకూ ఆదిమూలమైన..."

గిన్నె గురువు గుండెల దాకా లేచింది.

స్తుతి మధ్యలో ఆపడం అపచారం. చెన్నవీరుడు ఆపలేదు. "...భక్తుల పాలిటి కామధేనువు, పాపాలు కడిగే గంగను శిరసున ధరించిన..."

గిన్నె గడ్డం దాకా వచ్చింది. గురువు ముఖంలో కోపం లేదు, వేళాకోళం లేదు. ఊరివాళ్ళు ఉత్తరం వినేటప్పుడు ఎంత భక్తిగా వింటారో అంత భక్తిగా వింటున్నాడు. ఎర్రమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"...ఆ స్వామి చల్లని..."

గిన్నె అంచు గురువు మీసాలను తాకింది.

ఆకు జారిపోయింది. చెన్నవీరుడు ముందుకు పడి గురువు మణికట్టు రెండు చేతులా పట్టుకున్నాడు.

"తాగొద్దయ్యా. ఆ నీళ్ళు తాగొద్దు."

సోమలింగయ్య గిన్నె దించలేదు. శిష్యుడి ముఖంలోకి చూశాడు.

"నువ్వింకా మొదటి ఆకులోనే ఉన్నావు కదా" అన్నాడు.

గురువు నెమ్మదిగా శిష్యుడి చేతులు విడిపించుకుని లేచాడు. గిన్నెలో నీళ్ళూ బుర్రలో నీళ్ళూ పెరట్లో మండుతున్న పొయ్యిలో పోసి వచ్చాడు. "ఆ రోజు ఉత్తరం నేనూ ఒకసారి చూసి పోవలసింది" అని మాత్రం అన్నాడు. ఆ మాట ఎర్రమ్మకు చెప్పాడు.

చెన్నవీరుడు మూడాకులూ పక్కన పెట్టి కొత్త ఆకు తీసుకున్నాడు. గంటం ఆనించాడు. ఎన్నడూ లేనిది అక్షరాలు వంకరగా వచ్చాయి. దిద్దలేదు. నిమిషంలో అయిపోయింది.

ఎర్రమ్మ ఆకు అందుకుని కొంగున ముడి వేసుకుంది. ఏమీ అడగలేదు. దణ్ణం పెట్టి గుమ్మం దాటింది.

"అమ్మా, ఆగు" అంటూ చెన్నవీరుడు వెంట వెళ్ళాడు. "ఇందులో ఏముందో విని వెళ్ళు. దారిలో ఎవరు ఎదురైనా చెప్పు. ఊళ్ళో అడుగుపెడుతూనే చెప్పు, ఉత్తరం తర్వాత ఇద్దువుగాని. వాగు నీళ్ళు తాగొద్దు, అందులో చావు ఉంది. చెలమ నీళ్ళయినా సరే, పొయ్యి మీద తెర్లించి తాగండి."

ఎర్రమ్మ ఇంకా ఉందేమోనని నిలబడింది. అతను ఇంకేమీ చెప్పలేదు.

"ఇంతేనా అయ్యా?" అంది.

చెన్నవీరుడు తల దించుకున్నాడు.

"ఇంతేనమ్మా."

ఆమె ఒక్క క్షణం అతని వంక చూసింది. తర్వాత కొంగు బిగించుకుని, ఆ మాట పైకి అనుకుంటూ గబగబా కొండ దిగిపోయింది.