ముగ్గురున్న ఇంటి ఫార్ములా

అవధానులు మాస్టారు ఏదడిగినా తిన్నగా జవాబు చెప్పిన పాపాన పోరు. ఆయన దగ్గర కెమిస్ట్రీ చదివే ఇందుమతికి ఆ సంగతి తెలుసు. తెలిసీ ఒకరోజు స్టాఫ్‌రూమ్‌లో నిలదీసింది.

"రెండు కార్బన్లు, ఆరు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్. సారాలో ఉండే ఆల్కహాల్‌కీ ఇదే ఫార్ములా, మూత తీస్తే ఎగిరిపోయే డైమిథైల్ ఈథర్‌కీ ఇదే. ఉన్నవన్నీ అవే అయినప్పుడు తేడా ఎక్కణ్ణుంచి వస్తుంది మాస్టారూ?"

"ఆదివారం మా ఇంటికి భోజనానికి రామ్మా," అన్నారాయన. "ఆవకాయ పెడుతున్నారు."

ఇందులో ఆయన స్వార్థం కూడా ఉంది, దాచడమెందుకు? ఆ ఇంట్లో ఉండేది మాస్టారు, భార్య కామాక్షమ్మ, కొడుకు ఫణి. చదువు మానేసి నాటకాల్లో చేరతానని ఫణి అన్నరోజున, "నువ్వు నా కొడుకువే కాదు పో," అని మాస్టారు నోరు జారారు. తల్లి కొడుకు పక్షాన నిలిచింది. అప్పట్నించీ ఆయనతో ఇద్దరికీ మాటల్లేవు. పరాయిపిల్ల ఎదుటనైనా ముగ్గురం ఒకచోట కూర్చుంటామేమోనని ఆయన గంపెడాశ పెట్టుకున్నారు.

ఆవకాయ జాడీకెత్తాక ఆ బేసిన్‌లోనే వేడన్నం, నెయ్యి వేసి కలిపి, అందర్నీ చుట్టూ కూర్చోబెట్టుకుని తలో ముద్దా పెట్టడం మన ఇళ్లలో ఆనవాయితీ. కామాక్షమ్మ కలపడం బాగానే కలిపింది. కొడుక్కి గదిలోకి తీసుకెళ్లి ఇచ్చింది. మాస్టారికీ ఇందుమతికీ హాల్లో కంచాల్లో పెట్టింది. తనది తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

"మీరూ ఇలా రండి అమ్మగారూ!" అని పిలిచింది ఇందుమతి.

"నువ్వు కానియ్యమ్మా, మొహమాటపడకు." గొంతు మాత్రం వచ్చింది.

మాస్టారు మూసి ఉన్న గది తలుపుకేసి చూశారు. "ఒరే ఫణీ, నువ్వూ రారాదురా," అని పిలిచారు. ఎన్నాళ్లకి పిలిచారో పాపం.

"నేను తినేశానమ్మా," అని లోపల్నించి జవాబొచ్చింది. అది తల్లికి చెప్పిన జవాబు.

ఇందుమతికి తను అడగవలసిన ప్రశ్న కాదేమో, రావలసిన ఇల్లు కాదేమో అనిపించింది. మాస్టారు కంచంలో అన్నాన్ని వేళ్లతో కెలికారు.

"ఇంట్లో ఎంతమందని ఎవరడిగినా ముగ్గురమనే చెప్తానమ్మా. ఒకప్పుడూ అదే చెప్పేవాణ్ణి," అన్నారు. "అబద్ధం కాదుగా. ఎవరు ఎవర్ని పట్టుకుని ఉన్నారో ఆ లెక్కలోకి రాదు."