కొలిమి గోడలో గాజు పోగు

పైడిరాజు పెట్టిన గాజు పోగు మళ్లీ తెగిపోయింది.

ఇనుము కరిగించే కొలిమి గోడ ఎక్కడ వేడెక్కుతోందో, ఎక్కడ అరిగి పల్చబడుతోందో ముందే కనిపెట్టాల్సిన పోగు అది. వెంట్రుకంత సన్నం. ఒక కొసనుంచి వెలుగు పంపిస్తే, ఆ వెలుగు వెనక్కొచ్చి లోపలి వేడి సంగతి చెబుతుంది. మంటకు మాడకుండా దానికి బంగారు పూత పూయించి, ఉక్కు గొట్టంలోకి ఎక్కించి, రెండు కొసలూ బిగించి గోడలో పెట్టాడు పైడిరాజు. కొలిమి రాజుకోగానే పుటుక్కుమంది. పెట్టిన ప్రతిసారీ ఇదే వరస.

"ఇంకొక్కసారి చూస్తాం. అదీ పోతే సామాను సర్దుకోండి" అనేశాడు ఫ్యాక్టరీ మేనేజరు.

సామానుదేముంది, ఎలాగోలా సర్దుకోవచ్చు. కానీ ఆ గోడ పక్కనే పైడిరాజు అన్న సింహాద్రి డ్యూటీ! గోడ చెప్పాపెట్టకుండా పగిలిందా, కరిగిన ఇనుము వచ్చి పడేది సింహాద్రి మీదే. ఆ తలపుకే పైడిరాజుకి అన్నం సయించడం లేదు.

ఉడుక్కుంటూ ఇశ్రాయేలు మాస్టారి దగ్గరికి వెళ్లాడు. ఈ విద్యలో అతనికి ఓనమాలు దిద్దించింది ఆయనే.

"నా పనిలో వంక లేదు మాస్టారూ! పోగుని ఎంత నీటుగా లాగి కట్టాననుకున్నారు, ఎక్కడా కాస్తయినా వదులు లేదు. ఆ గాజే నాసిరకం."

మాస్టారు బల్ల మీది దారపుండ తీసి, శిష్యుడి ఛాతీ చుట్టూ ఒక్క చుట్టు తిప్పి గట్టిగా ముడేశారు.

"నీటుగా ఉందా?"

"ఉందండీ." ఈయనకు చాదస్తం ముదిరిందనుకున్నాడు పైడిరాజు.

"ఊపిరి పీల్చు. గుండెల నిండా."

పీల్చాడు. దారం టప్పున తెగి కింద పడింది.

"దారం నాసిరకం" అంటూ మాస్టారు కళ్లజోడు తుడుచుకున్నారు.

పైడిరాజుకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. వేడికి ఉక్కు సాగుతుంది, గాజు అంత సాగదు. చదివిందే! పరీక్షలో రాసిందే! వెళ్లొస్తానని కూడా అనకుండా ఫ్యాక్టరీకి పరుగెత్తాడు.

ఈసారి పోగుని గొట్టం కంటే పొడుగు తీసుకుని, లోపల వదులుగా, వంకరటింకరగా పడుకోబెట్టాడు. అది చూసి మేనేజరు మొహం చిట్లించాడు.

కొలిమి రాజుకుంది. ఎర్రగా మండింది. పోగు తెగలేదు!

తెగకపోవడమే కాదు, ఓ మధ్యాహ్నం కంప్యూటర్ తెర మీద గోడ అడుగున ఒక్కచోట వేడి ఎగబాకడం చూపించింది. "అందరూ బయటికి రండి!" పైడిరాజు అరిచిన అరుపుకి షెడ్డు దద్దరిల్లింది. మనుషుల్ని తప్పించి, కొలిమి ఆపి, చల్లారాక విప్పి చూస్తే అక్కడ ఇటుక అప్పడంలా మిగిలి ఉంది.

ఇంకేముంది! ఈలలు, కేకలు. షిఫ్టు షిఫ్టంతా కలిసి పైడిరాజుని భుజాలకెత్తుకుంది. మేనేజరే లడ్డూలు తెప్పించాడు. కబురందుకుని వచ్చిన మాస్టారు ఓ పక్కన నిలబడి నింపాదిగా లడ్డూ తింటున్నారు.

సింహాద్రి తమ్ముణ్ణి కిందికి దింపుకుని, కావలించుకుని భోరున ఏడ్చేశాడు.

"ఎంత గట్టిగా బిగించావురా దాన్ని, అంత మంటలోనూ తెగలేదు!"

పైడిరాజు మాస్టారి వైపు చూశాడు.

"బిగించలేదన్నయ్యా" అన్నాడు. "వదిలాను."