బోర్లించిన కుండలు

హంపమ్మ టీచరు గారిని ఏదైనా అడిగితే జవాబు వెంటనే చెప్పే అలవాటు ఆమెకు లేదు. బళ్ళో పాఠం చెప్పినన్నాళ్ళూ అంతే, రిటైరై ఇరవై ఏళ్ళు దాటినా అంతే. లెక్క తప్పు చేస్తే తప్పని అనేది కాదు. చింతగింజలు గుప్పెడు చేతిలో పోసి, "నువ్వే పంచి చూడు నాయనా" అనేది. మనం పంచుకుంటూ పోయి, చివరికి ఒక గింజ మిగిలి తెల్లమొహం వేసినప్పుడు ఒక నవ్వు నవ్వేది. ఆ నవ్వు కోసమే లెక్క తప్పు చేసినవాళ్ళున్నారు మా తరగతిలో. నేను కాదు లెండి, నాకు ఉత్తపుణ్యానికే తప్పులొచ్చేవి.

ఆమె రిటైరైన ఎండాకాలమే మా ఊరి బస్టాండు ఎదురుగా చలివేంద్రం పెట్టించింది. దాన్ని నడపడానికి మా అందరినీ పోగుచేసి ఒక సంఘం కట్టింది. తాటాకు పందిరి, పది కుండలు, నీళ్ళు పోసేదానికి ఈరమ్మ. గ్లాసులు లేవు. మనిషి వంగి దోసిలి పడితే ఈరమ్మ చెంబుతో సన్నటి ధార పోస్తుంది, చాలు అన్నదాకా పోస్తుంది. టీచరమ్మ పెట్టిన నియమం ఒకటే. నిన్నటి నీళ్ళు ఎవరి దోసిట్లోనూ పడకూడదు, పొద్దు వాలేసరికి కుండలన్నీ కడిగి బోర్లించి ఉండాలి.

రెండేళ్ళ కిందట మోకాళ్ళ నొప్పులతో ఆమె ఇంటిపట్టున ఉండిపోయి, సంఘాన్ని ఓబులేసుకు అప్పగించింది. మోటార్లు బాగుచేసే ఓబులేసు. ఆమె శిష్యుడే. ఆమె పాదం చూస్తే చాలు, చేతిలోని పని కింద పెట్టే రకం. అటువంటివాడి నెత్తిన ఈ ఏడు పెద్ద చిక్కు వచ్చి పడింది. సంక్రాంతి దాటగానే బస్టాండును బైపాసు రోడ్డుకు మార్చేశారు. ఇక్కడికి రెండు మైళ్ళు. చలివేంద్రం కూడా పోవాలని సంఘంలో సగం మంది, పోకూడదని సగం మంది. నీళ్ళ ట్యాంకరు ఇచ్చే రుద్రప్పయితే, "మా నాయన పేరున్న పందిరి కదిలిందా, నా ట్యాంకరూ రాదు" అని తెగేసి చెప్పాడు.

ఓబులేసు నిద్రాహారాలు మాని, ఒకనాడు మధ్యాహ్నం టీచరమ్మ దగ్గరికి పోయి కూర్చున్నాడు.

"టీచరమ్మా, మారిస్తే రుద్రప్పన్న పోతాడు. మార్చకపోతే సంఘమే చీలేట్టుంది. నా చేతుల్లో అది చచ్చిపోతే మీ మొగం ఎట్ల చూసేది? సంఘాన్ని నిలబెట్టాలంటే మార్చాల్నా, ఉన్నది ఉన్నట్టే పట్టుకోవాల్నా?"

"పాతచోట నీళ్ళు ఖర్చవుతుండాయా?" అంది ఆమె.

"అదే కదమ్మా విచిత్రం! దినామూ పదికి పది ఖాళీ. ఇంక మార్చేదెందుకు అంటారు వద్దనేవాళ్ళు."

"ఆటో పిలువు నాయనా" అంది టీచరమ్మ.

ఇద్దరూ వచ్చి పాతబస్టాండు ఎదుట మూతపడ్డ టీకొట్టు అరుగుమీద కూర్చున్నారు. రెండు గంటలు కూర్చున్నారు, మూడు గంటలు కూర్చున్నారు. ఒక మేకల కాపరి వచ్చి తాగాడు. ఒకాయన పెట్టె మోసుకుంటూ వచ్చి, "బస్టాండు యాడుంది?" అని అడిగి, తాగకుండానే పరుగెత్తాడు. అంతే. ఈరమ్మ మాత్రం చెంబు పట్టుకుని, కొంగు సర్దుకుని, పెళ్ళివారికి ఎదురుచూసినట్టు నిలబడే ఉంది.

అయిదు కొట్టింది. ఈరమ్మ మొదటి కుండ ఎత్తి రోడ్డుమీద కళ్ళాపి చల్లింది. రెండోది రెండు గేదెలకు పోసింది. మూడోది, నాలుగోది మట్టిలో పోసింది. కడిగింది, వరసగా బోర్లించింది. తొమ్మిదోది బోర్లిస్తుండగా ఒక మోపెడ్ వచ్చి, కొంచెం నెమ్మదించి, "ఓహో, ఈ పూటా ఖాళీనే!" అని ముందుకు పోబోయింది. దాచేదేముంది, ఆ మోపెడ్ మీద ఉన్నది నేనే. సాయంత్రం అటు పోతూ బోర్లించిన కుండలు చూసి సంఘానికి చెప్పే పని నాది.

"ఆగు సుంకప్పా, ఎన్ని కుండలు తాగిరి జనం?" అంది టీచరమ్మ అరుగుమీది నుంచి. నా బండి దానంతట అదే ఆగింది.

ఓబులేసు అప్పటికే ఈరమ్మ మీదికి పోయాడు. "ఇన్నాళ్ళూ ఇదేనా నువ్వు చేసేది? పారబోసి ఖాళీ అంటావా?"

ఈరమ్మ బెదరలేదు. "ఎంతమంది తాగినారని నన్ను యారన్నా అడిగితిరా నాయనా? బోర్లిస్తివా అని అడుగుతిరి. బోర్లిస్తి అంటి." చేతిలోని చెంబు ఎత్తి చూపించింది. "జనం రాలేదు అంటే మూసేస్తారని నాకు తెల్దా? మూసేస్తే ఈ చెంబు పట్టుకోని నేను యాడికి పోదును?"

టీచరమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. "దాన్ని తిట్టకు నాయనా. బోర్లించమన్న నియమం నాది. చూసేవాడు సుంకప్ప. నమ్మినోడివి నువ్వు. దాని తప్పు యాడుంది? ఏమే ఈరీ, ఆ పదోది బోర్లించొద్దు. ఆటోలో పెట్టు, నువ్వూ ఎక్కు."

మోపెడ్ మీద నేనూ వెనకే పోయాను. బైపాసులో నీడ లేదు. అయిదున్నరకు కూడా తారు సెగలు కక్కుతోంది. బస్సు కోసం అరవై మంది దాకా నిలబడి ఉన్నారు. చంకలో పిల్లలున్న తల్లులు, మిరపకోతకు పోయి వచ్చేవాళ్ళు. ఈరమ్మ కుండ దించి, "రాండమ్మా, రాండి, యా ఊరు మీది?" అన్నదో లేదో, చుట్టూ దోసిళ్ళే. పొద్దుననుంచి దోసిళ్ళకోసం ఎదురుచూస్తున్న ఆ చెయ్యి ఎక్కడా ఆగలేదు. పావుగంట కాలేదు, చెంబు అడుగుకు తగిలి గీరుకుంది. వరసలో ఇంకా ముప్పై మంది.

ఓబులేసు ఫోను తీశాడు. "రుద్రప్పన్నా, నేనే. ట్యాంకరు బైపాసుకు పంపు. నన్ను తిట్టేది రేపు తిడుదువు గానీ. ఈడ జనం దోసిళ్ళు పట్టి నిలబడుండారు." అవతలినుంచి, "డ్రైవరు టీకి పోయినాడు. అరగంట పడుతుంది" అని వినపడింది.

ఓబులేసు చెమట తుడుచుకుంటూ వచ్చి టీచరమ్మ ముందు తలవంచుకున్నాడు. "బుద్ధిలేక ఒక్క కుండే తెస్తిమమ్మా. చాల్లేదు."

టీచరమ్మ ఆ వరసవైపే చూస్తూ ఉంది.

"చాలకపోవడం చూసి ఎన్నాళ్ళయింది నాయనా మనం!" అంది.