తల ఊపని బంగారి

అనగనగా అంటే మరీ తాతల కాలం అనుకునేరు, మొన్నమొన్నటి సంగతే. ఒక అడవి ఉండేది. ఆ అడవిలో బడి లేదు. కథలే బడి. ఏ పండు తింటే కడుపునొప్పి వస్తుందో, ఏ మడుగులో మొసలి ఉందో, పిల్లలన్నీ కథల్లోనే నేర్చుకునేవి.

ఏటా తొలకరి పడ్డ మర్నాడు పొద్దున్నే జంతువులన్నీ పెద్దబండ దగ్గర చేరేవి. సింగన్న అనే ముసలి కొండముచ్చు ఆ ఏడు జరిగిన గొప్ప సంగతిని కథ కట్టి చెప్పేవాడు. పిల్లలు వెంటవెంటనే వల్లించేవి. కట్టుబాటు ఒక్కటే. కథ ఎవరిదో వాళ్ళు ఒప్పుకుని తల ఊపాలి. మధ్యాహ్నంలోగా ఊపకపోతే ఆ ఏటికి కథ లేదు, ఆ పేరు ఎవరికీ గుర్తుండదు.

ఆ ఏడు కథ బంగారిది. బంగారి ఒక దుప్పి. దాని ముందు కుడికాలు పుట్టుకతోనే వంకర. ఎండాకాలంలో కారుచిచ్చు తరుముకొచ్చింది. దారికి అడ్డంగా లోతైన గండి. పెద్ద దుప్పులు ఒక్క గెంతుతో దాటేశాయి. పిల్లలు గెంతలేక ఏడుస్తూ నిలబడ్డాయి. బంగారి వాటిని ఒకదాని తోక ఒకటి పట్టుకోమంది. కళ్ళు మండే పొగలో పదకొండు పిల్లల్ని అవతలికి చేర్చింది. "అయ్యో, అంత కాలుతోనే!" అని అందరూ మెచ్చుకున్నారు. ఎలా చేర్చావని మాత్రం ఒక్కరూ అడగలేదు.

సింగన్న గొంతు సవరించుకున్నాడు.

"అనగనగా ఒక అవిటి దుప్పి. పాపం, ఎవరైనా పెడితేనే దానికి తిండి. దాన్ని చూసి అడవంతా కంటతడి పెట్టేది..."

"ఆగు తాతా," అంది బంగారి. "నాకెవరు పెట్టారు? నిన్న నీ నేరేడు చెట్టు కింద పళ్ళన్నీ ఊడ్చేసింది నేనే."

అందరూ ఘొల్లుమన్నారు. సింగన్న కథ మార్చాడు.

"అనగనగా ఒక కుంటి దుప్పి. కుంటిది గనక కుళ్ళుబోతు. అందరిమీదా కస్సుమనేది. చివరికి బుద్ధి తెచ్చుకుని..."

"కోపం నాకుంది తాతా. అది నా నోటి తప్పు. దాన్ని తెచ్చి నా కాలికి కడతావేం?"

సింగన్న ఈసారి కళ్ళు మూసుకుని బాగా ఆలోచించాడు.

"మంటల మధ్య వనదేవత ప్రత్యక్షమైంది. 'నీ మంచి మనసుకు మెచ్చాను' అని కాలు నిమిరింది. కాలు చక్కబడింది! బంగారి పిల్లల్ని వీపున వేసుకుని ఒక్క గెంతుతో గండి దాటేసింది!"

అడవంతా ఆహా అంది. బంగారి పిన్ని దగ్గరికొచ్చి, "ఊపవే తల్లీ! ఎంత బాగా కట్టాడో! తరతరాలు నీ పేరు చెప్పుకుంటారు," అని బతిమాలింది.

నిజం చెప్పాలంటే బంగారికి ఆశ పుట్టింది. పేరంటే ఎవరికి చేదు? ఇంతలో పిల్లలు "ఒక్క గెంతుతో! ఒక్క గెంతుతో!" అని పాడుతూ బండ మీంచి దూకబోయాయి. బంగారి చప్పున వాటికి అడ్డంగా వెళ్ళి నిలబడింది.

"నేను తల ఊపను," అంది.

సింగన్నకు ఒళ్ళు మండింది. "నీకంటే ముందు అరవై కథలు కట్టాను! అవిటివాళ్ళ కథ ఇలాగే ముగియాలి. లేకపోతే వినేవాళ్ళకు తృప్తి ఉండదు."

"ఒక్కమాట అడుగుతాను తాతా. మళ్ళీ చిచ్చు వస్తే, అప్పటికి నేను లేకపోతే, ఈ కథ నేర్చుకున్న పిల్లలు ఎటు పోతాయి?"

సింగన్న పిల్లల వైపు తిరిగి చూశాడు.

"గండి అంచున నిలబడి వనదేవత కోసం చూస్తాయి," అంది బంగారి. "నేను గెంతలేను. అందుకే దిగే దారి వెతికాను. మూడేళ్ళు వెతికాను. రెండుసార్లు జారి పడ్డాను. ఈతపొదల వెనక, గండికి రెండు వైపులా మెట్లలాంటి రాళ్ళున్నాయి. కథలో నా కాలు బాగుచేస్తే ఆ దారి మాయమైపోతుంది. ఇది పాపమూ కాదు, శాపమూ కాదు. ఇది నా కాలు. నన్ను దీంతోనే చెప్పు."

ఏనాడూ కథ మధ్యలో బండ దిగని సింగన్న ఆ రోజు దిగాడు. "పద తల్లీ, దారి చూపించు," అన్నాడు. బంగారి ముందు నడిచింది. అడవంతా దాని అడుగుకు తగ్గట్టే మెల్లగా వెనక నడిచింది. ఆ దారిలోనే, ఉన్నది ఉన్నట్టుగా కథ తయారైంది. మధ్యాహ్నం కాకముందే బంగారి తల ఊపింది.

కొన్నేళ్ళకు బంగారి కన్నుమూసింది. ఆ మరుసటి ఎండాకాలం మళ్ళీ చిచ్చు లేచింది. పెద్దవాళ్ళు గండి దాటి వెనక్కి చూస్తే పిల్లలు లేవు. తల్లులు గుండెలు బాదుకున్నాయి. కాసేపటికి ఈతపొదలకు ఎదురుగా, గండిలోంచి ఒక్కొక్కటే పైకొచ్చాయి. ఒక్కటీ తప్పిపోలేదు.

"ఎవరు తీసుకొచ్చారర్రా మిమ్మల్ని?" అని తల్లులు ఏడుస్తూ అడిగాయి.

పిల్లలు తలలెత్తి ఒక్క గొంతుతో అరిచాయి. "ఇంకెవరు? మా వంకరకాలి బంగారి!"

నీతి: ఒకరి కథను జాలితోనో, మాయలతోనో నింపకూడదు. వాళ్ళు నడిచిన దారిని ఉన్నదున్నట్టు చెప్పడమే వాళ్ళకు అసలైన గౌరవం.