ఎమిల్ మాస్టారు దిగిపోయిన పాట

"బాగా పాడారు. ఇంతకీ మీదే ఊరు?"

టెక్సాస్‌లో పదకొండేళ్లుగా నెవిల్‌ని ప్రతి డ్యాన్స్ హాలులోనూ ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఇది. అతనిది ఇంగ్లండులోని గ్రిమ్స్‌బీ, చేపల రేవు. సొంతంగా పాటలు కట్టి పాడతాడు. 'కంట్రీ' అనే ఇక్కడి పల్లె బాణీ పాటల మీద మనసు పడి, ఫిడేలు వాయించే ఎమిల్ ఓండ్రాచెక్ దగ్గర శిష్యుడిగా చేరాడు. అప్పటినుంచీ గిటారు పట్టుకుని ఆయన వ్యానులో తిరుగుతూనే ఉన్నాడు.

ఆ వారం ఊరి పత్రిక అతని గురించి ఒక్క వాక్యం రాసింది. 'అనుకరణ చక్కగా ఉంది.'

ఆదివారం మధ్యాహ్నం వేదిక అంచున కూర్చుని ఎమిల్ ఫిడేలు తీగలు బిగిస్తున్నాడు.

"మాస్టారూ, మంగళవారానికి టిక్కెట్టు తీసుకున్నాను. ఇంటికి వెళ్లిపోతున్నా."

"మళ్లీ ఎప్పుడొస్తావు?"

"రాను. అలసిపోయాను. నేను ఇక్కడివాణ్ణి ఎప్పటికవుతానో చెప్పండి, ఉండిపోతాను."

ఎమిల్ ఒక తీగ మీటి విన్నాడు. "జనం వచ్చేశారు ఇంగ్లండూ. లే."

మూడో పాట నెవిల్ సొంతది, జంటలుగా ఆడే వాల్ట్జ్ నాట్యానికి కట్టింది. జంటలు హాలు చుట్టూ తిరుగుతున్నాయి. రెండో చరణం మధ్యలో ఎమిల్ ఫిడేలు కుర్చీలో పెట్టి మెట్లు దిగిపోయాడు. ఇన్నేళ్లలో ఎప్పుడూ అలా చేయలేదు. గోడవార బెంచీ మీద ఉన్న భార్య విల్మా ముందు టోపీ తీసి నిలబడ్డాడు.

"ఆ మోకాలితోనా, ముసలాడా?" అంటూనే ఆవిడ లేచింది.

ఎమిల్‌కి డెబ్భై తొమ్మిది. కుడికాలు ఈడుస్తున్నాడు. మిగతా జంటలు వాళ్లను తప్పించుకుని ముందుకు సాగుతున్నాయి. నెవిల్ చూపు ఆ కాలి మీదే నిలిచిపోయింది. పాట అయిపోవచ్చింది, వాళ్లింకా హాలు అవతలి కొసలోనే ఉన్నారు. అక్కడ ఆపేస్తే ఆయన ఆ కాలితో బెంచీ దాకా పాట లేకుండా ఉత్తినే నడిచి రావాలి. నెవిల్ మొదటి చరణం మళ్లీ ఎత్తుకున్నాడు. వాళ్లిద్దరూ బెంచీ చేరేదాకా పాడాడు.

ఎమిల్ వేదిక ఎక్కి కాసేపు ఆయాసపడ్డాడు.

"రోజూ కంటే నెమ్మదిగా పాడావు."

"నేనా? లేదే."

"చాలా నెమ్మది," అన్నాడు వెనకనుంచి డ్రమ్ములాయన. "నాకు కునుకొచ్చింది."

నెవిల్ గిటారు మీటే తన కుడిచేతి వైపు చూసుకున్నాడు.

ఎమిల్ ఫిడేలు భుజానికెత్తుకున్నాడు.

"ఆడేవాళ్ల కాళ్లను బట్టి పాట నడపడం, అది నేను నేర్పింది కాదు," అన్నాడు. "తర్వాతి పాట ఎత్తుకో. జనం నిలబడి ఉన్నారు."